వెనక నుంచి బండి గుద్దితే మెడకు ఏమవుతుంది, ఎలా కోలుకోవాలి: విప్‌లాష్‌పై సమగ్ర మార్గదర్శి

సంక్రాంతి సెలవులు అయిపోయాక అమ్మాయిని హైదరాబాద్ హాస్టల్‌లో దింపడానికి నల్గొండ నుంచి బయల్దేరాం. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా ముందు పండగ రద్దీకి బండ్లన్నీ బారులు తీరి ఉన్నాయి. మా కారు ఆగి ఉంది. వెనక వచ్చిన కారు ఆలస్యంగా బ్రేకు వేసి మమ్మల్ని గుద్దింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. బంపర్ మీద ఒక గీత పడింది, అంతే. దిగి చూసుకున్నాం. ఆ అబ్బాయి "సారీ సార్" అన్నాడు, సర్లే అని మళ్ళీ ఎక్కాం. రాత్రి భోజనం దాకా నాకేమీ లేదు. తెల్లారి లేవబోతే తల దిండు మీద నుంచి లేవలేదు. రెండు చేతులతో తలను పట్టుకుని లేపుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత నాలుగు నెలలు నా మెడతో పడ్డ అవస్థలో సగం దెబ్బ వల్ల వచ్చింది, సగం నేను చేసిన పొరపాట్ల వల్ల వచ్చింది. మన జిల్లాల మీదుగా 65వ నంబరు, 44వ నంబరు జాతీయ రహదారులు పోతున్నాయి. చిట్యాల, నకిరేకల్, షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, ఎటు చూసినా వెనక నుంచి గుద్దే ప్రమాదాలే. అలా గుద్దించుకుని "ఏం కాలే, జర మెడ పట్టింది" అనుకుంటూ తిరిగేవాళ్ళు నాకే పది మంది తెలుసు. వాళ్ళు నాలా నెలలు పోగొట్టుకోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు, మెడలో ఏం జరుగుతుందో

విప్‌లాష్ అంటే కొరడా దెబ్బ. కొరడా ఝళిపిస్తే పిడి ముందు కదులుతుంది, కొస ఆలస్యంగా విదిలించుకుంటుంది. మెడ కూడా అలాగే ఊగుతుంది కాబట్టి 1928లో హెరాల్డ్ క్రో అనే అమెరికా ఎముకల డాక్టరు ఈ మాట వాడాడు.

మన తల బరువు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు. ఏడు వెన్నుపూసలున్న మెడ ఆ బరువును మోస్తుంది. వెనక నుంచి గుద్దగానే సీటు మీ వీపును ముందుకు తోస్తుంది. తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. సెకనులో పదో వంతులోపే మెడ కింది భాగం వెనక్కి, పై భాగం ముందుకు వంగి, పాము మెలిక తిరిగినట్టు అవుతుంది. ఆ తర్వాతే తల వెనక్కి, మళ్ళీ ముందుకు విసురుగా పోతుంది. ఇదంతా కండరాలు బిగుసుకుని అడ్డుపడేలోపే జరిగిపోతుంది. పూసల వెనకవైపు ఉండే చిన్న చిన్న కీళ్ళు, వాటి చుట్టూ ఉండే పొర, ఎముకలను కలిపి ఉంచే పట్టీల్లాంటి లిగమెంట్లు, కండరాలు సాగి దెబ్బతింటాయి.

నాకు మొదట్లో అర్థం కానిది, బంపర్‌కు ఏమీ కానప్పుడు మెడకు ఎందుకవుతుందని. కారు నుజ్జయితే గుద్దిన బలంలో కొంత ఆ రేకు మింగేస్తుంది. కారు చెక్కుచెదరకపోతే ఆ బలం సీటు దాకా వస్తుంది. గంటకు పది పదిహేను కిలోమీటర్ల వేగంతో తగిలినా మెడ నొప్పి రావచ్చు. అందుకే కారు ఫొటో చూసి "దీనికే ఇంత యాక్షనా" అనేవాళ్ళ మాట పట్టించుకోకండి.

నొప్పి ఆలస్యంగా రావడం కూడా మామూలే. కొందరికి కొన్ని గంటల తర్వాత, కొందరికి మర్నాడు, అరుదుగా రెండు మూడు రోజులకు మొదలవుతుంది. మెడ పట్టేయడం, తల వెనక నుంచి పైకి పాకే నొప్పి, భుజాలు, రెక్కల మధ్య లాగడం, తల తిరగడం, దవడ నొప్పి, నిద్ర పట్టకపోవడం, మనసు నిలవకపోవడం, ఇవన్నీ ఇందులో భాగమే. తల తిరిగితే నేను బీపీ అనుకుని మూడు సార్లు చూపించుకున్నాను. బీపీ బాగానే ఉంది.

మొదటి మెట్టు: మెడ విరగలేదని తేల్చుకోవడం

ఏ వ్యాయామమైనా, ఏ కాపడమైనా దీని తర్వాతే. రోడ్డు మీద ప్రమాదం చూసిన మనవాళ్ళు మంచి మనసుతోనే పరిగెత్తుకొస్తారు. చంకల్లో చేతులేసి లాగుతారు, కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తారు, ఆటోలో మడిచి పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోతారు. మెడ పూస విరిగి ఉంటే ఈ లాగుడుకే వెన్నుపాము దెబ్బతిని చేతులు కాళ్ళు పడిపోవచ్చు. మంటలు, ఊపిరి ఆడకపోవడం, ఇంకో బండి వచ్చి గుద్దే ప్రమాదం లాంటివి ఉంటేనే కదిలించాలి. లేకపోతే ఉన్నచోటే ఉంచి 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా ఒకరు వెనక నిలబడి, తల రెండు పక్కలా అరచేతులు ఆనించి, తలను ఒంటికి సూటిగా పట్టుకోవాలి. "కదలకు అన్నా, నేనున్న" అని చెబుతూ ఉండండి. సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామని భయపడొద్దు. మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్ళకు రక్షణ ఇస్తుంది.

కింది వాటిలో ఏ ఒక్కటున్నా, నొప్పి తక్కువగా ఉన్నా సరే, నేరుగా పెద్దాస్పత్రికే పోవాలి:

- చేతుల్లో గానీ కాళ్ళల్లో గానీ తిమ్మిరి, మంట, బలం తగ్గడం, నడక తడబడటం
- మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం
- మెడ వెనక సరిగ్గా మధ్యలో, ఎముక మీద నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి
- స్పృహ తప్పడం, మగత, వాంతులు, పెరుగుతున్న తలనొప్పి
- మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, ఒక పక్క ముఖం వాలడం

చివరిది మెడలోంచి మెదడుకు పోయే రక్తనాళం చీరినప్పుడు వస్తుంది. ప్రమాదమైన కొన్ని రోజుల తర్వాత కూడా రావచ్చు. అరుదే, కానీ గంటల్లో వైద్యం అందాలి.

డాక్టర్లు స్కానింగ్ అవసరమా కాదా అని తేల్చడానికి 2001లో కెనడా వైద్యులు తయారుచేసిన ఒక నియమం వాడతారు. దాని ప్రకారం 65 ఏళ్ళు దాటినవాళ్ళకు, చేతులు కాళ్ళల్లో తిమ్మిరి ఉన్నవాళ్ళకు, మూడడుగుల ఎత్తు నుంచి లేదా ఐదు మెట్ల పైనుంచి పడినవాళ్ళకు, గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంలో గుద్దుకున్నవాళ్ళకు, బండి పల్టీ కొట్టినా బయటకు ఎగిరిపడినా తప్పకుండా తీయించాలి. ఇవేవీ లేకుండా మామూలుగా వెనక నుంచి తగిలి, మనిషి లేచి తిరుగుతూ, మెడను కుడికీ ఎడమకూ 45 డిగ్రీలు తనంతట తాను తిప్పగలిగితే ఎక్స్‌రే కూడా అక్కర్లేదు. ఒక్క మెలిక ఉంది. వెనక నుంచి గుద్దింది బస్సో లారీయో అయితే అది "మామూలు" లెక్కలోకి రాదు. మన హైవేల మీద అవి ఎక్కువే కదా. తాగి ఉన్నవాళ్ళ విషయంలోనూ ఈ నియమం పనికిరాదు, వాళ్ళకు నొప్పి తెలియదు.

నల్గొండ వాళ్ళు తప్పక చదవాల్సిన ముక్క

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన తరాలు మనవి. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చాక పిల్లలకు ఆ బాధ తప్పుతున్నా, యాభై అరవై దాటినవాళ్ళ ఒంట్లో పాత ఫ్లోరైడ్ అలాగే ఉంది. ఎముకల ఫ్లోరోసిస్ ఉంటే వెన్నుపూసలను కలిపే లిగమెంట్లు ఎముకలా గట్టిపడతాయి, వెన్నుపాము పోయే దారి ఇరుకవుతుంది. అప్పటికే ఇరుకుగా ఉన్న దారిలో చిన్న కుదుపు కూడా వెన్నుపామును నొక్కేయగలదు. ఎముక విరగకుండానే చేతులు కాళ్ళు చచ్చుబడవచ్చు.

మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పే పెద్దమనుషులు మీ ఇంట్లో ఉంటే, వాళ్ళు ఆటోలో కుదుపుకు గురైనా, మంచం మీద నుంచి పడినా, "ముసలి నొప్పులే" అని వదిలేయకండి. అదే రోజు పెద్దాస్పత్రిలో చూపించి, ఫ్లోరోసిస్ సంగతి డాక్టరుకు మీరే చెప్పండి. వెన్నెముక అతుక్కుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవాళ్ళకూ ఇదే మాట. ఈ రెండు రకాల వాళ్ళు కింద చెప్పే వ్యాయామాలను డాక్టరు చూడకుండా మొదలుపెట్టకూడదు.

రెండో మెట్టు: రిపోర్టు చూసి భయపడకుండా ఉండటం

1995 నుంచి డాక్టర్లు విప్‌లాష్‌ను గ్రేడ్లుగా చూస్తున్నారు. ఒకటి: నొప్పి, పట్టేయడం మాత్రమే. రెండు: దానితోపాటు మెడ తిరగడం తగ్గడం, నొక్కితే నొప్పి. మూడు: నరాల మీద ప్రభావం, అంటే తిమ్మిరి, బలహీనత. నాలుగు: పూస విరగడం లేదా జారడం. మనలో ఎక్కువమందివి ఒకటి, రెండు. నేను ఇకమీద రాసేదంతా ఆ రెండింటికే. మూడు, నాలుగు ఉన్నవాళ్ళు స్పెషలిస్టు చెప్పినట్టే చేయాలి.

నా ఎక్స్‌రే రిపోర్టులో మెడ వంపు తగ్గి నిటారుగా అయిందని రాశారు. చదవగానే గుండె జారింది. మూడు రోజులు నిద్ర లేదు. తర్వాత తెలిసిందేమిటంటే, కండరాలు బిగుసుకున్నా, ఎక్స్‌రే తీసేటప్పుడు గడ్డం కాస్త కిందికి పెట్టినా వంపు తగ్గినట్టే కనిపిస్తుంది. ఏ నొప్పీ లేనివాళ్ళలోనూ అలా ఉంటుంది. ఎమ్మారైలో డిస్కు, అంటే పూసల మధ్య ఉండే మెత్త, ఉబ్బినట్టు కనిపించడమూ అంతే. నలభై దాటినవాళ్ళను వరసగా నిలబెట్టి తీస్తే చాలామందిలో కనిపిస్తుంది, మెడ నొప్పంటే ఏంటో తెలియని వాళ్ళల్లో కూడా. గ్రేడ్ ఒకటి, రెండులో ఎమ్మారై వల్ల వైద్యం మారదు. చేతిలోకి తిమ్మిరి దిగుతుంటే తీయించాలి. ఊరికే టెన్షన్ పడి వేలకు వేలు పెట్టకండి.

మూడో మెట్టు: మొదటి వారం

నా పెద్ద పొరపాటు ఇక్కడే జరిగింది. ఒక క్లినిక్‌లో మెడకు బెల్టు పెట్టి నెల రోజులు తీయొద్దన్నారు. ఇంట్లో మా అమ్మ "నెత్తి కదిలియ్యకు బిడ్డా" అని కూర్చున్న చోటికే కంచం తెచ్చిపెట్టింది. మూడు వారాలు అలాగే ఉన్నాను. బెల్టు తీస్తే తల నిలబడనట్టు, మెడ మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించేది. తల మోయాల్సిన కండరాలకు మూడు వారాలు పని లేకుండా చేశాను, అవి నీరసపడ్డాయి. ఎముక విరగలేదని తేలాక మెడ బెల్టు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. మెల్లగా కదిలించినవాళ్ళే త్వరగా కోలుకుంటారని ఇన్నేళ్ళ వైద్య అనుభవం చెబుతోంది. తప్పనిసరి బస్సు ప్రయాణంలో గంటో రెండు గంటలో పెట్టుకుంటే ఫరవాలేదు.

మంచం పట్టొద్దు. ఇంట్లో తిరగండి, చిన్న పనులు చేసుకోండి, సాయంత్రం పది నిమిషాలు నడవండి. పడుకుని లేచేటప్పుడు నేరుగా లేవకుండా పక్కకు తిరిగి, మోచేతి మీద బరువు పెట్టి లేవండి. దిండు ఒకటే, తల ఒంటికి సూటిగా ఉండే ఎత్తులో. బోర్లా పడుకోవద్దు. మధ్యలో కుంగిపోయిన నవారు మంచం మీద పడుకుంటే తెల్లారేసరికి మెడ కొయ్యబారుతుంది. ఈ కొన్ని వారాలు నేల మీద పరుపు వేసుకోవడం నయం.

నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. పెద్దవాళ్ళు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, కనీసం ఆరు గంటల ఎడంతో వేసుకోవచ్చు. రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. లివర్ జబ్బున్నా, రోజూ మందు తాగే అలవాటున్నా, ఒళ్ళు బక్కగా ఉన్నా ఇంకా తగ్గించాలి, ఎంతో డాక్టరును అడగండి. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర రోజూ నొప్పి సూది వేయించుకోవడం మన దగ్గర మామూలైపోయింది. కిడ్నీ జబ్బు, అల్సర్, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకు ఆ మందులు ప్రమాదం. కండరాల పట్టు వదిలించే మాత్రలు మత్తు తెస్తాయి, అవి వేసుకుని బండి నడపకండి. ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. వేడిని ముందు ముంజేతి మీద చూసుకుని, పావుగంట చాలు.

ఇక "నరం మీద నరం ఎక్కింది, ఒక్క విరుపుతో దించుతా" అనే మాట. నరం మీద నరం ఎక్కడం అనేది ఉండదు. సెలూన్‌లో గానీ, మాలీషు చేసేవాళ్ళ దగ్గర గానీ దెబ్బ తగిలిన మెడను టక్కున విరిపించుకోవద్దు. అంతకుముందు చెప్పిన రక్తనాళం చీరే ప్రమాదం ఇలాంటి విరుపుల్లోనూ ఉంది. ఈ విషయంలో ఎంత దగ్గరివాళ్ళు చెప్పినా వినకండి, బతిమాలుకుంటున్నాను.

నాలుగో మెట్టు: మెడను మళ్ళీ కదిలించడం

నన్ను బాగుచేసింది నల్గొండలోనే ఒక ఫిజియోథెరపిస్టు. ఆయన మొదటి రోజు మంచం ఎక్కించలేదు, మెషీన్ పెట్టలేదు. కుర్చీలో కూర్చోబెట్టి "కిటికీ ఊచలు లెక్కపెట్టండి సార్" అన్నాడు. అదే ఇంట్లో చేశాను. మా ముందు గది కిటికీకి ఎనిమిది ఊచలు. రోజూ కుర్చీ అదే బండ మీద వేసుకుని, భుజాలు కదలకుండా కుడివైపు తల తిప్పి ఎన్నో ఊచ దాకా కనిపిస్తుందో క్యాలెండర్ మీద రాసుకున్నాను. మొదటి రోజు రెండు. పది రోజులకు నాలుగు. ఆరు వారాలకు ఏడు. నొప్పి రోజుకో రకంగా ఉంటుంది, దాన్ని నమ్ముకుంటే ధైర్యం పోతుంది. ఊచల లెక్క ముందుకు పోతుందంటే మెడ బాగవుతున్నట్టే. మీరూ గోడ మీద ఏదో ఒక గుర్తు పెట్టుకోండి.

మొదటి రోజుల్లో చేయాల్సింది ఒకటే. వెల్లకిలా పడుకుని లేదా కుర్చీలో వీపు ఆనించి, తలను మెల్లగా కుడివైపు తిప్పండి. లాగినట్టు మొదలవగానే ఆపి, రెండు సెకన్లు ఉండి, మధ్యకు రండి. తర్వాత ఎడమవైపు. ఇలా పది సార్లు. మేలుకుని ఉన్నంతసేపు గంటకోసారి చేయాలి. రోజుకు ఒకసారి వంద చేయడం కంటే గంటగంటకూ పది చేయడమే పనిచేస్తుంది. నేను టీచర్ని, బడిలో పీరియడ్ గంట కొట్టినప్పుడల్లా చేసేవాణ్ణి. అలవాటవడానికి అలాంటి గుర్తు ఏదైనా పెట్టుకోండి.

నాలుగైదు రోజులకు మరో రెండు కదలికలు కలపండి: చెవిని భుజం వైపు వంచడం (భుజం పైకి లేపకుండా), గడ్డం కిందికి పైకి మెల్లగా ఆడించడం. తలను గుండ్రంగా గిరగిరా తిప్పే వ్యాయామం బళ్ళో డ్రిల్లులో నేర్పేవాళ్ళు. దాన్ని మర్చిపోండి.

తర్వాత గడ్డం లోపలికి లాగడం. ఇది మాటల్లో చెబితే అందరూ తప్పుగానే చేస్తారు, నేనూ చేశాను. గోడకు వీపు ఆనించి నిలబడండి. చూపు ఎదురుగా. గడ్డం కిందికి వంచొద్దు, పైకి ఎత్తొద్దు. బల్ల సొరుగును లోపలికి తోసినట్టు గడ్డాన్ని అడ్డంగా వెనక్కి జరపండి. అద్దంలో చూస్తే గడ్డం కింద మడత పడాలి. తల వెనక భాగం గోడ వైపు పోవాలి. ఐదు సెకన్లు పట్టి వదలండి, పది సార్లు. మెడ వెనక, పుర్రె కింద సాగినట్టు తెలిస్తే సరిగ్గా చేస్తున్నట్టు. చేతిలోకి తిమ్మిరి దిగితే ఆపేసి డాక్టరుకు చెప్పండి.

దీనికి తోడుగా రెక్క ఎముకలను రెండూ దగ్గరకు తెచ్చి ఐదు సెకన్లు పట్టాలి, వాటి మధ్య పెన్సిలు పట్టుకున్నట్టు.

రెండు, మూడు వారాల తర్వాత బలం పెంచాలి. అరచేతిని నుదుటికి ఆనించి తలతో చేతిని తోయండి, చేతితో తలను ఆపండి. తల కదలకూడదు. మీ బలంలో నాలుగో వంతు చాలు. ఐదారు సెకన్లు. ఇలాగే రెండు పక్కలా, వెనకా. పడుకుని చేసేది ఇంకొకటుంది: దిండు మీద నుంచి తల లేపకుండా, చిన్నగా "ఊఁ" అన్నట్టు తల ఊపి, అలా పది సెకన్లు పట్టాలి. చూడటానికి ఏమీ చేయనట్టే ఉంటుంది. మెడ లోపలి చిన్న కండరాలు విప్‌లాష్‌లో నిద్రపోతాయి, వాటిని లేపేది ఇదే. గొంతు ముందున్న పెద్ద కండరాలు తాళ్ళలా బిగుస్తున్నాయంటే ఎక్కువ బలం పెడుతున్నట్టు.

తల తిరగడం పోనివాళ్ళు బొటనవేలిని మొహానికి మూరెడు దూరంలో పెట్టుకుని, చూపు గోరు మీదే నిలిపి, తలను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. అర నిమిషంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. మొదట్లో కాస్త తిప్పినట్టుంటుంది, పక్కన ఎవరైనా ఉండాలి.

ఎంత నొప్పి వరకు చేయొచ్చని అందరూ అడుగుతారు. పదికి మూడు నాలుగు దాకా ఉండి, ఆపాక గంటలోపు మామూలైతే మంచిదే, కొనసాగించండి. మర్నాడు పొద్దున ముందుకంటే ఎక్కువగా ఉంటే లెక్క సగం చేయండి. పూర్తిగా మానేయొద్దు. నొప్పి వచ్చిన ప్రతిసారీ కొత్తగా ఏదో తెగినట్టు కాదు. బెల్టు తీసిన కొత్తలో కారును గేటు బయటకు తీయడానికి వెనక్కి తిరిగి చూస్తే కటుక్కుమంది. ఇక అయిపోయిందనుకుని రెండు రోజులు పడుకున్నాను. ఏమీ కాలేదు. ఆ రెండు రోజులు పడుకోవడం వల్లే మళ్ళీ రెండు ఊచలు వెనక్కి పోయాను.

ఫిజియోథెరపీకి హైదరాబాద్ పోనక్కర్లేదు. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లో అడగండి. ఇరవై రోజులు మెషీన్ కింద పడుకోబెట్టి పంపేవాళ్ళ కంటే, మీ చేత చేయించి ఇంటికి లెక్క రాసిచ్చేవాళ్ళు మేలు.

ఐదో మెట్టు: పనిలోకి దిగడం

కుర్చీ ఉద్యోగమైతే వారం లోపే వెళ్ళొచ్చు, అరగంటకోసారి లేస్తూ. నాకు బడిలో కష్టమైంది బోర్డు పై వరుస. తల ఎత్తి రాస్తే భుజం దాకా లాగేది. నెల రోజులు బోర్డు కింది సగంలోనే రాశాను, పిల్లలు అడిగితే సంగతి చెప్పాను.

పొలం పని వేరు. నెత్తి మీద మోత మెడకు అన్నిటికంటే బరువు. గడ్డిమోపు, పత్తి మూట, నీళ్ళ బిందె, పాలమూరు నుంచి హైదరాబాద్ మేస్త్రీ పనులకు పోయే ఆడవాళ్ళు ఎత్తే ఇటుకల తట్ట, ఇవి కనీసం ఆరు వారాలు ఆగాలి. అన్ని రోజులు కూలి పోగొట్టుకోమనడం తేలిక కాదని నాకు తెలుసు. అందుకే పని మానమనడం లేదు, పని మార్చుకోమంటున్నాను. నెత్తి మోత బదులు ఇద్దరు కలిసి చేతులతో పట్టుకునే పని, ఇసుక జల్లెడ పట్టడం, తడపడం లాంటివి మేస్త్రీని అడగండి. మళ్ళీ ఎత్తేటప్పుడు సగం తట్టతో మొదలుపెట్టి వారం వారం పెంచండి. పత్తి ఏరడంలో తల గంటల తరబడి వంగే ఉంటుంది, సాలు చివరకు వచ్చినప్పుడల్లా నిలబడి గడ్డం లోపలికి లాగండి. బత్తాయి తోటలో కాయ కోసేవాళ్ళకు తల ఎత్తడం నొప్పి, నెల పాటు కింది కొమ్మలు తీసుకోండి. పదహారు లీటర్ల స్ప్రేయర్‌ను వీపున తగిలించుకుంటే పట్టీలు భుజాలను కిందికి లాగుతాయి, సగమే నింపండి. ట్రాక్టర్ సీటుకు తల ఆనించే ఆసరా ఉండదు, గతుకుల్లో దుక్కి చివరిగా మొదలుపెట్టాలి.

కారైనా బైకైనా, రెండు వైపులా తల పూర్తిగా తిప్పి చూడగలిగి, ఉన్నపళంగా బ్రేకు వేసినా నొప్పి భయం లేనప్పుడే నడపండి. బస్సులో వెనక సీట్లలో ఎక్కువ ఎగరేస్తుంది, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య సీటు చూసుకోండి.

తగ్గకపోతే

మెరుగుదల ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే వస్తుంది. సుమారు సగం మంది పూర్తిగా బయటపడతారు. మిగతావాళ్ళకు కొంత నొప్పి ఏడాది దాటినా ఉండొచ్చు, కానీ అందులో చాలామంది పనులు చేసుకోగలిగే స్థితిలోనే ఉంటారు. మొదట్లోనే నొప్పి బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళకు, ప్రమాదం కళ్ళ ముందు మెదులుతూ నిద్ర పట్టనివాళ్ళకు, కదిలితే ఏదో అయిపోతుందని భయపడేవాళ్ళకు ఎక్కువ కాలం పడుతుంది. ఆడవాళ్ళలోనూ ఇది కాస్త ఎక్కువ. ఇంట్లో ఆడమనిషి మూడో నెలలో కూడా మెడ నొప్పంటే "ఊకె అంటది" అనేయకండి.

నాలుగు నుంచి ఆరు వారాలకు ఏ మార్పూ లేకపోతే మళ్ళీ డాక్టరును కలవండి. టోల్‌గేట్ దగ్గరకు వస్తే చెమటలు పడుతున్నా, వెనక హారన్ వినగానే ఒళ్ళు బిగుసుకుంటున్నా అది కూడా చెప్పండి. నాకు రెండు నెలలు అలాగే ఉండేది. అద్దంలో వెనక బండినే చూస్తూ నడిపేవాణ్ణి. కౌన్సెలింగ్‌తో అది తగ్గింది, అది తగ్గాక మెడ పట్టు కూడా వదిలింది.

కాగితాల సంగతి

నొప్పి మర్నాడు వస్తుంది కాబట్టి చాలామంది ఫిర్యాదు ఇవ్వకుండానే పోతారు. బండి నంబరు ఫొటో తీసుకోండి, నొప్పి మొదలైన రోజే డాక్టరుకు చూపించి, ప్రమాదం సంగతి చీటీలో రాయించుకోండి. ప్రమాదం జరిగిన ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స ఇచ్చే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది. ఆస్పత్రిలో అడగండి. పరిహారం దరఖాస్తును మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఆరు నెలల్లో వేయాలన్న సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి, వేయదలిస్తే వకీలును తొందరగా కలవండి.

చివరగా, సీటు వెనక ఉన్న ఆ దిండు

దాన్ని మనం దిండు అనుకుని వాలిపోవడానికి వాడతాం. నిజానికి అది తల వెనక్కి పోకుండా ఆపే అడ్డు. నా కారులో అది కొన్నరోజు నుంచి అట్టడుగునే ఉంది, గుద్దినప్పుడు మెడ మధ్యలో తగిలింది తప్ప తలను ఆపలేదు. దాని పై అంచు మీ నడినెత్తి ఎత్తుకు రావాలి, కనీసం చెవుల పైదాకా. తలకూ దానికీ మధ్య నాలుగు వేళ్ళ కంటే ఎక్కువ సందు ఉండొద్దు. సీటు బాగా వెనక్కి వాల్చి కూర్చుంటే ఆ సందు పెరుగుతుంది.

పక్కన ఉన్న బొత్తాం నొక్కి పైకి లాగితే టక్ టక్‌మని లేస్తుంది, అర నిమిషం పని. ముందు సీట్లు అయ్యాక వెనక సీటుదీ చూడండి. మా అమ్మ కూర్చునే వైపుది ఎప్పుడో తీసి అటక మీద పడేశాం. మొన్న దించి, దుమ్ము దులిపి పెట్టాను.